బ్రెడ్ ఇటుకలా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: ఇంట్లో బ్రెడ్ చేయడం నేర్చుకోవాలని రెండు నెలలుగా తంటాలు పడుతున్నాను. ప్రతిసారీ ఒక కొత్త వీడియో చూసి, అందులో చెప్పినట్టే చేస్తున్నాను. పిండి చేతులకు విపరీతంగా అంటుకుంటుంది కాబట్టి అంటుకోకుండా అయ్యేదాకా పొడిపిండి చల్లుతూ కలుపుతాను. సరిగ్గా గంటసేపు మూతపెట్టి పక్కన ఉంచుతాను. పైన చక్కటి రంగు రాగానే ఓవెన్‌లోంచి తీసి వేడివేడిగా కోస్తాను. ఇంత చేసినా బ్రెడ్ ఇటుకలా బరువుగా ఉంటోంది, మధ్యలో తడిగా, బంకగా ఉంటోంది. లోపం ఈస్ట్‌లో ఉందేమోనని మూడు రకాలు మార్చి చూశాను. ఇంట్లోవాళ్లు "కొనుక్కుంటే పోయేదానికి ఎందుకీ శ్రమ" అంటున్నారు. పిండి కలిపే స్టాండ్ మిక్సర్ కొంటే బాగుపడుతుందా? అసలు ప్యాకెట్ ఈస్ట్ లేకుండా, ఇంట్లో పులియబెట్టిన పిండితో చేసే సావర్‌డోతో మొదలుపెట్టాల్సిందా? లేక ఈ విద్య నాకు అబ్బదా?

– ఒక పాఠకురాలు

సమాధానం:

మిక్సర్ ఇప్పుడే కొనకండి. సావర్‌డో జోలికి వెళ్లకండి. ఈస్ట్‌ను అనుమానించడం కూడా మానేయండి. చచ్చిన ఈస్ట్ అయితే పిండి అసలు కదలదు, మూడు ప్యాకెట్లూ చచ్చినవే దొరికే అవకాశం చాలా తక్కువ. ఇక విద్య అబ్బడం సంగతంటారా, మీ ఉత్తరంలో నాకు చేతకానితనం ఎక్కడా కనబడలేదు. చెప్పింది చెప్పినట్టు, ఓపిగ్గా, పట్టు వదలకుండా చేస్తున్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ చెప్పినవాళ్లు మీ వంటింట్లో లేరు. మీ పిండిని వాళ్లు ముట్టుకోలేదు, మీ గది ఎంత వేడిగా ఉందో వాళ్లకు తెలియదు.

మీరు రాసిన వాటిలో నాలుగు మాటల కింద నేను గీత గీసుకున్నాను. పొడిపిండి చల్లడం, సరిగ్గా గంట, రంగు రాగానే, వేడివేడిగా కోయడం. మీ బ్రెడ్‌కు పట్టిన జబ్బంతా ఈ నాలుగింట్లోనే ఉంది. అన్నిటికంటే పెద్దది మొదటిదే కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

గోధుమ పిండికి నీళ్లు తగలగానే అందులో ఉన్న గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు ప్రోటీన్లు కలిసి గ్లూటెన్‌గా అల్లుకుంటాయి. పిండి సాగడం, సాగి మళ్లీ వెనక్కి లాగడం, రెండూ దాని చలవే. ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పోనీయకుండా బుడగలుగా పట్టి ఉంచేదీ అదే. అయితే ఆ అల్లిక పూర్తవడానికి టైమ్ కావాలి. కలిపిన మొదటి నిమిషాల్లో బ్రెడ్ పిండి చేతులకు అంటుకుని తీరుతుంది. అది మీ తప్పుకు గుర్తు కాదు, నీళ్లు ఇంకా పిండిలోకి పూర్తిగా ఇంకలేదంతే. సరిగ్గా ఆ సమయంలోనే మీరు పొడిపిండి అందుకుంటున్నారు.

దాని వల్ల ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. 500 గ్రాముల పిండికి 325 గ్రాముల నీళ్లు పోశారనుకోండి. పిండి బరువులో నీళ్లు 65 శాతం అన్నమాట. మామూలు బ్రెడ్‌కు అది మంచి పాళ్లు. చేతికి అంటుకుంటోందని కొంచెం కొంచెంగా చల్లుతూ పోతే, మీకు తెలియకుండానే మరో 100 గ్రాములు అందులోకి వెళ్లిపోతుంది. ఇప్పుడు పిండి 600, నీళ్లు అవే 325. అంటే 54 శాతం. ఉప్పు, ఈస్ట్ పాళ్లు కూడా ఆ మేరకు తగ్గిపోయాయి. అంత గట్టి ముద్దను సాగదీసి పైకి లేపే శక్తి ఆ ఈస్ట్‌కు ఉండదు, అందులోనూ మీరిచ్చే గంటలో అసలే ఉండదు. మీ బ్రెడ్ బరువులో ఎక్కువ భాగం ఇక్కడే మొదలైందని నా నమ్మకం.

మరి అంటుకుంటే ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. పెద్ద గిన్నెలో అన్నీ వేసి, పొడిపిండి ఎక్కడా కనబడకుండా గట్టి చెంచాతో కలిపేసి, మూతపెట్టి 30 నిమిషాలు వదిలేయండి. మూత పెట్టేముందు ఆ ముద్దను ఒకసారి బాగా చూసుకోండి. గరుకుగా, అతుకులతుకులుగా ఉంటుంది. ఒక అంచు పట్టి లాగితే పుటుక్కున తెగుతుంది. అరగంట తర్వాత మూత తీస్తే అదే పిండి నున్నగా సర్దుకుని ఉంటుంది. చెయ్యి తడి చేసుకుని అదే అంచును మళ్లీ పైకి లాగండి. ఈసారి తెగదు, జానెడు దాకా సాగుతుంది. మధ్యలో మీరు చేసింది ఏమీ లేదు. నీళ్లు, సమయం కలిసి ఆ పని చేశాయి. ఈ తేడాను మీ చేతులతో మీరు ఒక్కసారి చూస్తే చాలు, పొడిపిండి డబ్బా వైపు చెయ్యి పోదు. ఫ్రాన్స్‌కు చెందిన బేకింగ్ ప్రొఫెసర్ రేమండ్ కాల్వెల్ 1970లలో ఈ విశ్రాంతినే ఒక పద్ధతిగా స్థిరపరిచి ఆటోలీజ్ అని పేరు పెట్టారు. ఆయన ముందు పిండి, నీళ్లు మాత్రమే కలిపి నానబెట్టి, మిగతావి తర్వాత వేయమన్నారు. మీరు ప్రస్తుతానికి అన్నీ ఒకేసారి వేసేయొచ్చు. మీకు కావలసింది ఆ విరామం.

అలా సాగిన అంచును మధ్యలోకి మడవండి. గిన్నెను పావు వంతు తిప్పి ఇంకో వైపు లాగి మడవండి. నాలుగు వైపులా అయ్యాక ముద్దను తిరగేసి మూతపెట్టండి. అరగంటకోసారి ఇలా మరో రెండుసార్లు చేస్తే పది నిమిషాలు బండ మీద పిసికిన పని అయిపోతుంది. చేతులకు నీళ్లు రాసుకుంటే పిండి అంటదు, అలాగని నీళ్లు కారుతూ ఉండకూడదు. మిక్సర్ వద్దని అన్నది కూడా ఇందుకే. మిక్సర్ చెడ్డదని కాదు. పిండి ఏ దశలో ఎలా ఉంటుందో మీ వేళ్లకు తెలియక ముందే మిక్సర్ తెచ్చుకుంటే, అది తెలుసుకునే దారి మూసుకుపోతుంది. పిసకడం బదులు సమయాన్నే పూర్తిగా నమ్ముకున్న పద్ధతులూ ఉన్నాయి. న్యూయార్క్ బేకర్ జిమ్ లేహీ పద్ధతి 2006లో పత్రికలో వచ్చి ప్రపంచమంతా తిరిగింది. కొద్దిపాటి ఈస్ట్, ఎక్కువ నీళ్లు, 12 నుంచి 18 గంటల నిరీక్షణ. అందులో పిసకడమే ఉండదు. మామూలు బ్రెడ్ కుదిరాక మీరు తప్పకుండా చేసి చూడాల్సినది అదే.

డబ్బు ఖర్చు పెట్టాలని ఉంటే కిచెన్ స్కేల్ కొనండి. మిక్సర్‌తో పోలిస్తే చాలా తక్కువలో వస్తుంది. కప్పు కొలతలు బ్రెడ్‌కు పనికిరావని నేను గట్టిగా చెబుతాను. ఒకే కప్పులో పిండిని చెంచాతో వదులుగా నింపితే సుమారు 120 గ్రాములు పడుతుంది. డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాకా పోతుంది. నాలుగు కప్పులు కొలిచేసరికి తేడా 120 గ్రాములు. ఇందాకటి లెక్కలో బ్రెడ్‌ను చెడగొట్టింది 100 గ్రాములే కదా. నీళ్లు కూడా అదే స్కేల్ మీద గ్రాముల్లో తూచుకోండి.

రెండోది, సరిగ్గా గంట. వీడియోల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఎంతసేపు పొంగనివ్వాలో చెబుతారు, గది ఎంత వేడిగా ఉందో చెప్పరు. ఈస్ట్ ప్రాణమున్న జీవి. వేడి పెరిగితే చురుగ్గా పనిచేస్తుంది, తగ్గితే మందగిస్తుంది. 27 డిగ్రీల గదిలో గంట, గంటంపావులో రెట్టింపయ్యే పిండి, 20 డిగ్రీల గదిలో రెండు గంటలు దాటినా తీసుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే రాత్రంతా పడుతుంది. కాబట్టి గడియారం చూడటం మానేసి పిండి ఎంత పెరిగిందో చూడాలి. గుండ్రటి గిన్నెలో రెట్టింపయిందో లేదో కళ్లకు సరిగ్గా అందదు, అందరికీ ఇదే ఇబ్బంది. దానికో ఉపాయం ఉంది. చివరి మడత అయ్యాక ఉసిరికాయంత పిండి ముక్క తీసి, నిటారుగా ఉండే చిన్న గాజు గ్లాసులో అడుగున సమంగా నొక్కండి. దాని ఎత్తు దగ్గర పెన్నుతో గీత పెట్టి, దానికి రెట్టింపు ఎత్తులో ఇంకో గీత పెట్టండి. గ్లాసు మీద మూత ఉంచి గిన్నె పక్కనే పెట్టండి. ఆ ముక్క పై గీతను అందుకుంటే గిన్నెలోదీ సిద్ధమైనట్టే.

ఈస్ట్ త్వరగా లేవాలని వేడి నీళ్లు పోసే అలవాటు ఉంటే మాత్రం ఆపేయండి. 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఈస్ట్ చచ్చిపోతుంది. వేలు పెడితే వేడిగానీ చల్లగానీ అనిపించని నీళ్లు చాలు. గది బాగా వేడిగా ఉంటే చల్లటి నీళ్లే మంచివి.

మూడు రకాల ఈస్ట్ మార్చానన్నారు. ఇక్కడ ఇంకో తికమక ఉండి ఉంటుంది. ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు చేసే పనికి యాక్టివ్ డ్రై అయితే సుమారు 6 గ్రాములు, తాజా ఈస్ట్ అయితే 15 గ్రాములు కావాలి. రకం మార్చి కొలత మార్చకపోతే ఫలితం మారిపోతుంది. ఇన్‌స్టంట్‌తోనే ఉండిపోండి. దాన్ని ముందు నానబెట్టక్కర్లేదు, నేరుగా పిండిలో కలపొచ్చు. ప్యాకెట్ తెరిచాక గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే నెలల తరబడి నిలుస్తుంది. అనుమానం తీరకపోతే చిటికెడు చక్కెర వేసిన గోరువెచ్చని నీళ్లలో అర చెంచా వేసి 10 నిమిషాలు చూడండి. నురగ లేస్తే అది బతికే ఉంది.

మూడోది రంగు, నాలుగోది వేడివేడిగా కోయడం. మధ్యలో తడికి ఈ రెండే కారణం. పైపొర ఎర్రబడటం పైపొర సంగతే చెబుతుంది. అక్కడ తేమ ఆరిపోయి వేడి 140 డిగ్రీలు దాటాక ప్రోటీన్లు, చక్కెరలు కలిసి ఆ రంగునూ వాసననూ ఇస్తాయి. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మయార్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. లోపల నీళ్లు ఉంటాయి కాబట్టి అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, పైగా అది మధ్యదాకా చేరడానికి చాలాసేపు పడుతుంది. చిన్న ఓవెన్‌లో పై రాడ్ బ్రెడ్‌కు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి పైన ఎర్రబడేసరికి మధ్యలో సగం పచ్చిగానే ఉండొచ్చు. బ్రెడ్ టిన్‌ను కింది అరలో పెట్టండి. తొందరగా రంగొస్తే పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి, అంతేగానీ బయటికి తీయకండి. గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే మధ్యలో 95 డిగ్రీలు వచ్చాకే తీయండి. అడుగున తట్టి బోలు శబ్దం వస్తే అయినట్టే అంటారు కానీ, కొత్తవాళ్ల చెవికి ఆ తేడా దొరకదు. నేనైతే థర్మామీటర్‌నే నమ్మమంటాను.

ఓవెన్ నాబ్ మీది అంకెను కూడా పూర్తిగా నమ్మకండి. 20 డిగ్రీలు అటూ ఇటూ ఉండటం మామూలే. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి పెట్టుకుని, కనీసం అరగంట ముందుగా వేడి చేసుకోండి.

ఇక కోయడం. వేడి బ్రెడ్ వాసనకు ఎవరికైనా ఆగడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఓవెన్‌లోంచి తీశాక కూడా లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఆవిరి మధ్యనుంచి బయటికి పోతూ ఉంటుంది, ఉడికిన పిండిపదార్థం చల్లారుతూ గట్టిపడుతుంది. అప్పుడే కత్తి పెడితే మెత్తని భాగం నలిగి ముద్దవుతుంది, కత్తికి అంటుకుంటుంది. బాగా ఉడికిన బ్రెడ్ కూడా పచ్చిగా ఉన్నట్టే కనబడుతుంది. టిన్‌లోంచి వెంటనే తీసి, కింద గాలి ఆడేలా జాలీ స్టాండ్ మీద పెట్టి, కనీసం గంటసేపు ముట్టుకోకండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన బ్రెడ్ ఒక్కటే. 500 గ్రాముల పిండి, 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. చక్కెర, పాలు, వెన్న ఏవీ వద్దు, ఎందుకంటే అవి లేకపోతేనే మీకు ఏ తేడా ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుస్తుంది. పిండి ప్యాకెట్ వెనుక 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో రాసి ఉంటుంది. 12 దాటితే బ్రెడ్‌కు చాలా మంచిది. 10 దగ్గర ఉన్న మైదా అయితే నీళ్లు 300 గ్రాములకు తగ్గించండి, బ్రెడ్ వస్తుంది, కాస్త తక్కువ ఎత్తు లేస్తుంది. ముడి గోధుమ పిండి మీద మక్కువ ఉంటే మొదట్లో 500లో 100 గ్రాములకు మించనివ్వకండి. దాని ప్యాకెట్ మీద ప్రోటీన్ అంకె బాగానే కనబడుతుంది కానీ, అందులోని తవుడు గ్లూటెన్ పొరలకు అడ్డుపడుతుంది, నీళ్లు కూడా ఎక్కువ పీలుస్తుంది. అందుకని ఇంకో 10, 15 గ్రాములు నీళ్లు కలపాలి.

కలిపి, నానబెట్టి, మూడు విడతల మడతలు అయ్యి, గ్లాసులోని ముక్క పై గీతకు చేరాక, ముద్దను బల్ల మీదకు జార్చండి. బల్లకు పల్చగా పిండి రాయొచ్చు, ఇక్కడ అంతవరకు పర్వాలేదు. అరచేతులతో నెమ్మదిగా నలుచదరంగా అదిమి, ఒక వైపునుంచి బిగువుగా చుట్టుకుంటూ వచ్చి, అంచు అతుకును వేళ్లతో నొక్కి మూసి, ఆ అతుకు కిందికి వచ్చేలా నూనె రాసిన టిన్‌లో పెట్టండి. ఈ పాళ్లకు సుమారు 23 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న టిన్ సరిపోతుంది. పైన మూతవేసి మళ్లీ పొంగనివ్వండి. టిన్ అంచు దాటి ఒకటి రెండు సెంటీమీటర్లు లేచాక వేలికి పిండి అద్దుకుని మెల్లగా నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైమ్ ఉంది. నెమ్మదిగా, సగం మాత్రమే పూడితే ఓవెన్‌లో పెట్టే వేళయింది. అసలు పూడకుండా అలాగే ఉండిపోతే కాస్త ఆలస్యమైంది, వెంటనే పెట్టేయండి. మీరు ఇన్నాళ్లూ తక్కువ పొంగించారు కాబట్టి ఒకసారి కావాలని ఎక్కువసేపు వదిలి, కుంగిపోయిన బ్రెడ్ ఎలా ఉంటుందో చూసినా తప్పులేదు. రెండు చివరలూ తెలిస్తే మధ్య ఎక్కడుందో సులువుగా దొరుకుతుంది.

పెట్టేముందు పైన నీళ్లు కాస్త స్ప్రే చేయండి. పైపొర తడిగా ఉన్నంతసేపు గట్టిపడదు కాబట్టి మొదటి పది నిమిషాల్లో బ్రెడ్ ఇంకొంచెం లేస్తుంది. వేడెక్కిన ఓవెన్ గాజు తలుపు మీద మాత్రం నీళ్లు పడనివ్వకండి, పగిలే ప్రమాదం ఉంది. 220 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత 200కు తగ్గించి మరో 20, 25 నిమిషాలు.

ఇదే బ్రెడ్‌ను కనీసం ఐదారుసార్లు చేయండి. కొత్త వీడియో వద్దు. మీకు ఇప్పటిదాకా నష్టం చేసింది అన్నిటికంటే ఇదేనని నాకు అనిపిస్తుంది. ప్రతిసారీ పిండి మారింది, కొలత మారింది, ఈస్ట్ మారింది, కాబట్టి మొన్నటి తప్పు నేటి పనికి ఏమీ నేర్పలేకపోయింది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని గది వేడి, పొంగడానికి పట్టిన టైమ్, ఓవెన్ థర్మామీటర్ అంకె, కోశాక లోపల ఎలా ఉందో నాలుగు ముక్కల్లో రాసుకోండి. తర్వాతిసారి ఒక్కటంటే ఒక్కటే మార్చండి. నీళ్లు 10 గ్రాములు పెంచితే ఆ రోజు ఇంకేదీ కదపకండి.

సావర్‌డో ఎందుకు వద్దన్నానో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. పిండి, నీళ్లతో సొంతంగా పెంచుకునే స్టార్టర్ బలం రోజురోజుకూ మారుతుంది. అది తయారవడానికే ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. బ్రెడ్ లేవకపోతే తప్పు స్టార్టర్‌దా మీదా అన్నది తేలదు. ప్యాకెట్ ఈస్ట్ ప్రతిసారీ ఒకేలా పనిచేస్తుంది కాబట్టి మీ చేతిపని ఎలా ఉందో కచ్చితంగా తెలుస్తుంది. నాలుగు నెలల తర్వాత సావర్‌డో గురించి అడగండి, సంతోషంగా రాస్తాను.

ఇంట్లోవాళ్ల మాటకు నొచ్చుకోకండి. వాళ్లు చూస్తున్నది మీ శ్రమ, ఫలితం ఇంకా వాళ్ల కంచంలోకి రాలేదు. ఈలోగా బరువుగా వచ్చిన బ్రెడ్‌ను పారేయక్కర్లేదు. పల్చగా కోసి బాగా టోస్ట్ చేస్తే తినడానికి బాగుంటుంది, లేదా ఎండబెట్టి పొడి చేసి దాచుకోవచ్చు. బాగా వచ్చిన బ్రెడ్‌ను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చల్లదనంలో పిండిపదార్థం ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది. రెండు రోజుల్లో తినేది బయటే గుడ్డలో చుట్టి ఉంచి, మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని, కావలసినప్పుడు నేరుగా టోస్టర్‌లో వేసుకోండి.

ఐదారుసార్లు చేశాక కూడా మధ్యలో తడి పోకపోతే మళ్లీ రాయండి. పిండి ప్యాకెట్ మీది ప్రోటీన్ అంకె, పిండి రెట్టింపవడానికి పట్టిన టైమ్, ఓవెన్‌లోంచి తీసినప్పుడు బ్రెడ్ మధ్యలో ఉన్న వేడి, ఈ మూడూ ఉత్తరంలో ఉంటే ఎక్కడ తేడా వస్తోందో చెప్పగలను.